ఏ చార్టు, ఏ వారం, ఏ రికార్డింగు? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పాప్ సింగిల్స్ రిలీజుల గురించీ, చార్టుల లెక్కల గురించీ బెంగళూరు పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: ఆ-హా బృందం పాడిన 'టేక్ ఆన్ మీ' 1984 పాట అని ఒకచోట, 1985 పాట అని ఇంకోచోట చదివాను. బ్రిటన్‌లో 137వ స్థానం అని కొందరు, రెండో స్థానం అని కొందరు, అమెరికాలో నంబర్ వన్ అని మరికొందరు రాశారు. క్విజ్‌లో అడిగితే ఏది చెప్పాలండీ?
— కాలేజీ విద్యార్థి, జయనగర్

జవాబు: మీరు చదివినవన్నీ నిజాలే. కాకపోతే అవన్నీ ఒకే రిలీజుకు చెందినవి కావు. నార్వేకు చెందిన ఈ ముగ్గురి పాట బ్రిటన్‌లో మూడుసార్లు విడుదలైంది.

మొదటిది 1984 అక్టోబరు. నిర్మాత, అంటే రికార్డింగును దగ్గరుండి నడిపించినవాడు, టోనీ మాన్స్‌ఫీల్డ్. 137 దగ్గరే ఆగిపోయింది. అప్పట్లో అక్కడ మామూలు శ్రోత చూసే చార్టు 75 స్థానాలదే కాబట్టి, ఈ పాట వచ్చినట్టు కూడా చాలామందికి తెలియలేదు. తర్వాత అలన్ టార్నీ అనే నిర్మాతతో పాటను మళ్లీ రికార్డు చేయించారు. ఈరోజు రేడియోలో వినపడేది ఈ టార్నీ రికార్డింగే. దాన్ని 1985లో బ్రిటన్‌లో వదిలితే అదీ పోయింది. సాధారణంగా రాసేవాళ్లు వదిలేసేది ఈ రెండో రిలీజునే. నిర్మాత మారాడు, పాట హిట్టయింది అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. కానీ నిర్మాత మారినంత మాత్రాన పాట ఆడలేదు.

మూడోసారి, 1985 సెప్టెంబరులో, అదే టార్నీ రికార్డింగు మళ్లీ వచ్చింది. ఈసారి తోడుగా స్టీవ్ బారన్ తీసిన వీడియో ఉంది. పెన్సిలు బొమ్మలోంచి చెయ్యి బయటికొచ్చి అమ్మాయిని లోపలికి లాక్కెళ్లే ఆ వీడియో కోసం, తీసిన ఫిల్మ్ మీద సుమారు 3,000 ఫ్రేములు చేత్తో గీశారు. దానికే 16 వారాలు పట్టింది. అమెరికాలో ఎంటీవీ దాన్ని తిప్పితిప్పి వేసింది. బిల్‌బోర్డ్ పత్రిక ఇచ్చే అమెరికా పాటల చార్టు హాట్ 100లో, 1985 అక్టోబరు 19 తేదీ వేసినదాంట్లో, పాట నంబర్ వన్ అయింది, ఒక్క వారం. బ్రిటన్‌లో మూడు వారాలు రెండో స్థానంలో నిలబడింది. జెన్నిఫర్ రష్ పాడిన 'ది పవర్ ఆఫ్ లవ్' పైనుంచి కదల్లేదు మరి. ఆ తర్వాతి ఏడాది ఎంటీవీ వీడియో అవార్డుల్లో ఆరు ఈ వీడియోకే వచ్చాయి.

కాబట్టి క్విజ్‌లో 'మొదట ఎప్పుడు విడుదలైంది' అంటే 1984. 'హిట్టయిన రికార్డింగు ఎప్పటిది' అంటే 1985. ప్రశ్న అస్పష్టంగా ఉంటే ఏ రిలీజని అడుగుతున్నారో క్విజ్ మాస్టర్‌ని తిరిగి అడగండి. బెంగళూరు క్విజ్ హాళ్లలో అలా అడగడం ఎవరూ తప్పుపట్టరు.

మీరే ఒక పాట చార్టు చరిత్ర రాసుకునేటప్పుడు రిలీజుకో వరస చొప్పున రాయండి. దేశం, నెల, ఏడాది, కంపెనీ, నిర్మాత, రికార్డు రెండోవైపు ఉన్న పాట, చార్టు పేరు, అందుకున్న పై స్థానం, ఎన్ని వారాలు అన్నవి ప్రతి వరసలోనూ ఉండాలి. చార్టు పేరు రాయకుండా స్థానం ఒక్కటే రాస్తే ఆ అంకెతో ఉపయోగం లేదు. ఇంకో జాగ్రత్త: ఫోనులోని స్ట్రీమింగ్ యాప్ చూపే సంవత్సరాన్ని నమ్మకండి. అది చాలాసార్లు రీమాస్టర్ చేసిన ఆల్బమ్‌దో, తర్వాత వేసిన సంకలనానిదో అయ్యుంటుంది.

ప్రశ్న: బీటిల్స్ 'ప్లీజ్ ప్లీజ్ మీ' నంబర్ వన్ అయిందా, లేదా? మా ఇంట్లో అన్నదమ్ముల మధ్య పందెం నడుస్తోంది.
— రాజాజీనగర్ పాఠకుడు

జవాబు: పందెం డబ్బు చెరిసగం పంచుకోండి. 1963లో బ్రిటన్‌కి ఒకే చార్టు అంటూ లేదు. సంగీత పత్రికలు ఎవరి చార్టు వాళ్లు వేసేవి. న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్‌లో ఆ పాట ఒకటో స్థానం, మెలడీ మేకర్‌లోనూ ఒకటే. రికార్డ్ రిటైలర్ అనే వ్యాపార పత్రికలో మాత్రం రెండు. అందరూ ఒప్పుకున్న ఒకే చార్టు 1969 ఫిబ్రవరి నుంచే మొదలైంది. అంతకుముందు కాలానికి, 1960 మార్చి నుంచి, రికార్డ్ రిటైలర్ జాబితానే అధికారికమని తర్వాతెప్పుడో నిర్ణయించారు. అందువల్ల అప్పటి జనానికి నంబర్ వన్, ఇప్పటి రికార్డుల్లో నంబర్ టూ.

దీని ఫలితం తమాషాగా ఉంటుంది. 2000లో వచ్చిన బీటిల్స్ నంబర్ వన్ పాటల సంకలనంలో ఈ పాట లేదు. 1962లో బ్రిటన్‌లో 17వ స్థానంతో సరిపెట్టుకున్న 'లవ్ మి డూ' మాత్రం ఉంది. ఎందుకంటే 1964లో అమెరికాలో అది ఒకటో స్థానానికి చేరింది. అదే పాట 1982లో బ్రిటన్‌లో మళ్లీ విడుదలై నాలుగో స్థానం దాకా వెళ్లింది. చూశారుగా, ఈ పాటకూ వరసలు మూడు రాసుకోవాలి.

ప్రశ్న: నో డౌట్ బృందం 'డోన్ట్ స్పీక్' 1997లో ఎక్కడ విన్నా అదే. హాట్ 100 పాత జాబితాల్లో వెతికితే దొరకదేం?
— ఇందిరానగర్

జవాబు: దొరకదు, ఎక్కలేదు కాబట్టి. 1998 చివరి దాకా హాట్ 100లోకి రావాలంటే ఆ పాట దుకాణంలో విడిగా, సింగిల్‌గా అమ్మకానికి ఉండాలి. ఆల్బమ్ అమ్ముకోవడం కోసం కంపెనీలు హిట్టు పాటను సింగిల్‌గా వెయ్యకుండా బిగబట్టేవి. ఈ పాటా అలాంటిదే. అమెరికా రేడియో చార్టులో 16 వారాలు ఒకటో స్థానంలో ఉంది, హాట్ 100లో ఒక్క వారమూ లేదు. సింగిల్‌గా వేసిన బ్రిటన్‌లో మూడు వారాలు నంబర్ వన్. 1998 డిసెంబరు 5 తేదీ చార్టు నుంచి రేడియో ప్రసారం ఒక్కటున్నా చాలని నియమం మార్చారు. తొంభైల నాటి అమెరికా చార్టుల్లో పెద్ద పాట కనబడకపోతే ముందు ఈ కారణమే అనుమానించండి.

ప్రశ్న: నేను ఇంటర్ చదువుతున్నా. బీటీఎస్ కొత్త పాట వస్తే మా ఫ్రెండ్స్ అందరం రాత్రంతా ఫోన్లలో సౌండ్ తీసేసి ప్లే చేస్తూ ఉంటాం. అది హాట్ 100కి లెక్కొస్తుందా? 'డైనమైట్' ఆగస్టు 21న వస్తే నంబర్ వన్ తేదీ సెప్టెంబరు 5 అని ఎందుకు రాస్తారు?
— వైట్‌ఫీల్డ్ నుంచి ఒక అమ్మాయి

జవాబు: హాట్ 100కి లెక్కకు రాదమ్మా. ఆ చార్టు అమెరికాలో జరిగిన స్ట్రీమ్‌లనూ, అమ్మకాలనూ, అక్కడి రేడియో ప్రసారాలనూ మాత్రమే కూడుతుంది. వైట్‌ఫీల్డ్‌లో మీరు వినేది వేరే జాబితాలకు వెళ్తుంది. 2020 సెప్టెంబరులో మొదలైన బిల్‌బోర్డ్ గ్లోబల్ 200 ఒకటి, అందులో రెండు వందలకు పైగా దేశాలూ ప్రాంతాల లెక్క ఉంటుంది. 2022 ఫిబ్రవరిలో మొదలైన ఇండియా సాంగ్స్ చార్టు ఇంకొకటి. విదేశీ పాటలకు విడిగా ఇండియన్ మ్యూజిక్ ఇండస్ట్రీ సంఘం 2021 నుంచి ఇచ్చే ఇరవై పాటల జాబితా మూడోది. వీపీఎన్ పెట్టి అమెరికా నుంచి వింటున్నట్టు చూపే పని మాత్రం చెయ్యకండి. ఖాతాకే ముప్పు.

రాత్రంతా ప్లే చెయ్యడం గురించి. 30 సెకన్లు దాటితేనే స్ట్రీమ్ కింద లెక్క. మనిషి వినే తీరుగా లేని ప్లేలను యాప్‌లు వడగట్టేస్తాయి. డబ్బు కట్టిన ఖాతాలో స్ట్రీమ్‌కు ఉచిత ఖాతా కంటే బరువెక్కువ. బ్రిటన్‌లో దీని అంకెలు బహిరంగంగానే ఉన్నాయి. 2018 జూలై నుంచి అక్కడ డబ్బు కట్టినవాళ్ల స్ట్రీమ్‌లు 100, లేదా ఉచిత స్ట్రీమ్‌లు 600 అయితే ఒక అమ్మకంతో సమానం. పాట పాతబడి వరుసగా జారుతుంటే ఇవే 200, 1,200 అవుతాయి. కొత్త పాటలకు చోటు దొరకాలని పెట్టిన నియమం ఇది. దీనివల్ల కొన్ని పాటలు ఒక్క వారంలో ధడాలున కిందికి పడతాయి, పాటలో లోపమేమీ ఉండదు. ఒకే మనిషి పదేపదే కొనడానికీ కళ్లెం వేశారు. 2022 నుంచి బిల్‌బోర్డ్ ఒక కొనుగోలుదారుకు వారానికి ఒక్క డౌన్‌లోడే లెక్కిస్తుంది. అంతకుముందు నాలుగు దాకా ఒప్పుకునేవాళ్లు. కాబట్టి 2022కు ముందటి అభిమాన సంఘాల చిట్కాలు ఇప్పుడు పనికిరావు. పరీక్షల ముందు నిద్ర పాడుచేసుకోవద్దు.

ఇక తేదీ సంగతి. 2015 జూలై 10 నుంచి ప్రపంచమంతా కొత్త పాటలకు శుక్రవారం ఖాయం చేశారు. లెక్క వారం శుక్రవారం నుంచి గురువారం దాకా. 'డైనమైట్' 2020 ఆగస్టు 21 శుక్రవారం వచ్చింది. కొరియాలో మధ్యాహ్నం ఒంటిగంట, మనకు ఉదయం తొమ్మిదిన్నర, అమెరికా తూర్పు తీరంలో సరిగ్గా అర్ధరాత్రి. ఆ వేళ ఊరికే ఎంచుకున్నది కాదు. అమెరికా లెక్క వారం మొదలయ్యే నిమిషానికి పాట బయటికి రావాలన్నది ఉద్దేశం. 21 నుంచి 27 దాకా కూడిన అంకెలను ఆ తర్వాతి వారం మొదట్లో ప్రకటించారు. చార్టు మీద వేసే తేదీ మాత్రం ఆ వారాంతపు శనివారం, అంటే సెప్టెంబరు 5. పత్రిక దుకాణాల్లో అమ్మే రోజుల నాటి అలవాటు అది, ఇంకా పోలేదు.

ప్రశ్న: మేము నలుగురం, మారతహళ్లిలో ఉంటాం. సొంతంగా రాసుకున్న తెలుగు పాప్ పాట రెడీ అవుతోంది. ఉగాది రోజు రిలీజ్ చెయ్యాలని కోరిక, ఆ రోజు గురువారం పడింది. ఎప్పుడు అప్‌లోడ్ చెయ్యాలి? చార్టులోకి రావాలంటే ఏం చెయ్యాలి? కన్నడంలో కూడా పాడి పెట్టాలనుకుంటున్నాం.
— ఒక బ్యాండ్

జవాబు: ముందు పండగ సంగతి తేల్చుకుందాం. గురువారం రిలీజ్ చేస్తే మీ మొదటి లెక్క వారం ఒక్క రోజుతో అయిపోతుంది. శుక్రవారం నుంచి కొత్త వారం. స్నేహితులూ బంధువులూ మొదటి రెండు రోజుల్లో వినే స్ట్రీమ్‌లు రెండు వారాలకు చీలి, ఎందులోనూ నిలబడవు. పండక్కి ముందటి శుక్రవారం వదలండి. అప్పుడు ఉగాది ఆ లెక్క వారానికి ఏడో రోజవుతుంది. పచ్చడి తింటూ విన్నవాళ్ల స్ట్రీమ్‌లు కూడా అదే వారంలో పడతాయి.

ఆ శుక్రవారం నుంచి వెనక్కి లెక్కపెట్టండి.

ఆరు వారాల ముందు మిక్సింగ్, మాస్టరింగ్ అయిపోవాలి. ఫైలు వేవ్ రూపంలో, స్టీరియో, 44.1 కిలోహెర్ట్జ్, 16 లేదా 24 బిట్. ఎంపీ3ని వేవ్‌గా మార్చి పంపకండి. పేరు మారుతుందే గానీ పోయిన నాణ్యత తిరిగి రాదు, మంచి హెడ్‌ఫోన్స్‌లో ఇట్టే తెలిసిపోతుంది. గట్టిగా వినపడాలని లిమిటర్‌ను (శబ్దం హెచ్చులను అణిచే సాధనాన్ని) అతిగా తొక్కితే లాభం లేదు. స్పాటిఫై మామూలుగా పాటలన్నిటినీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట ఎంత గట్టిగా వినపడుతుందో చెప్పే కొలత) దగ్గరకు తెస్తుంది. మైనస్ 8లో పంపిన పాటను అదే తగ్గించేస్తుంది, అప్పటికి మీ డ్రమ్స్ దెబ్బ పోయి ఉంటుంది. శబ్దం అన్నిటికంటే పైకి లేచే చోట కూడా మైనస్ 1 డెసిబెల్ దాటకుండా చూడండి. పాట మైనస్ 14 కంటే గట్టిగా ఉంటే మైనస్ 2 మేలు.

అదే వారం ఒక కాగితం రాసుకోండి. సాహిత్యం ఎవరిది, బాణీ ఎవరిది, ఎవరికి ఎంత శాతం, మొత్తం నూరు కావాలి, నలుగురూ సంతకం పెట్టాలి. స్నేహంలో ఇదంతా ఎందుకనిపిస్తుంది. పాట ఆడాక రాసుకోవడానికి కూర్చుంటే మాత్రం నూరు నూట నలభై అవుతుంది. రచయితా, సంగీతకర్తా తమ రాయల్టీలు వసూలు చేసిపెట్టే సంఘం ఐపీఆర్‌ఎస్‌లో సభ్యులుగా చేరి పాటను ఇవే శాతాలతో నమోదు చేయించుకోవాలి. గాయకులకూ వాయిద్యకారులకూ వేరే సంఘం, ఐసామ్రా. 2012 కాపీరైట్ సవరణ తర్వాత, సినిమా పాట కాని రికార్డింగులో కూడా హక్కులు ఎవరికి రాసిచ్చినా, రచయితకూ సంగీతకర్తకూ రాయల్టీలో సమాన వాటా అడిగే హక్కు పోదు. ఏ లేబుల్ ఒప్పందమైనా ఈ సంగతి గుర్తుంచుకుని చదవండి.

నాలుగు వారాల ముందు డిస్ట్రిబ్యూటర్ (పాటను యాప్‌లకు చేర్చే కంపెనీ) దగ్గర అప్‌లోడ్. ఇక్కడే ఎక్కువ పాటలు వెనక్కొస్తాయి. కవర్ బొమ్మ 3000 × 3000 పిక్సెళ్ల చతురస్రం, జేపీజీ. దాని మీద పాట పేరు, బ్యాండ్ పేరు తప్ప ఇంకేమీ వద్దు. ఫోన్ నంబరు, ఇన్‌స్టాగ్రామ్ గుర్తు, 'మీ ఆశీస్సులతో', కింద వరుసగా శుభాకాంక్షలు తెలిపేవారి ఫొటోలు ఉంటే అది కూడలిలో కట్టే ఫ్లెక్సీ అవుతుంది, కవర్ కాదు. రచయిత, సంగీతకర్త పేర్లు పూర్తిగా రాయండి. మనకు అలవాటైన పద్ధతిలో ఇంటిపేరుకు ఒక్క అక్షరం పెట్టి ఊరుకుంటే చాలాచోట్ల తిప్పి పంపుతారు. వేరే గాయని పాడి ఉంటే ఆమె పేరు పాట శీర్షికలో ఇరికించకండి, దానికి వేరే గడి ఉంటుంది. భాష తెలుగు అని ఎంచుకోవడం మరవద్దు. ఏమీ ఎంచకుండా వదిలేస్తే పాట ఇంగ్లిష్ కింద పడి, తెలుగు ప్లేలిస్టులు చూసేవాళ్ల కంటికి ఆనదు.

మీ బ్యాండ్ పేరుతో లోకంలో ఇంకెవరైనా ఉన్నారేమో ముందే వెతకండి. ఉంటే మీ పాట వాళ్ల పేజీలో వెళ్లి కూర్చుంటుంది. అప్పటికే మీ పేజీ ఉంటే దాని లింకు అప్‌లోడ్‌లోనే ఇవ్వండి. కొత్తవాళ్లయితే కొత్త ఆర్టిస్ట్ పేజీ కావాలని అప్పుడే చెప్పాలి. రిలీజయ్యాక సరిచేయించుకోవచ్చు గానీ రోజులు పడుతుంది, మొదటి వారం అందులోనే గడిచిపోతుంది.

మూడు వారాల ముందుకల్లా పాట స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్ అనే కళాకారుల ఖాతాలో కనిపిస్తే, ప్లేలిస్ట్ సంపాదకులకు అక్కడే పిచ్ చెయ్యాలి, అంటే పాటను పరిశీలించమని పంపాలి. కనీసం ఏడు రోజుల ముందు చేస్తే మిమ్మల్ని ఫాలో అయ్యేవాళ్లకు రిలీజ్ రాడార్ అనే కొత్త పాటల ప్లేలిస్టులో పాట తప్పక వస్తుంది. రిలీజయిపోయిన పాటను పిచ్ చెయ్యడానికి వీల్లేదు. ఒకసారికి ఒక్క పాటనే ఒప్పుకుంటారు. అందుకే కన్నడ పాటను అదే రోజు పెట్టకండి, నాలుగైదు వారాలు ఆగి దానికి వేరే పిచ్ ఇవ్వండి. ప్రతి రికార్డింగునూ గుర్తించే ఐఎస్‌ఆర్‌సీ కోడ్ కూడా కన్నడ రికార్డింగుకు వేరు. బాణీ ఒకటే కదా అని తెలుగు పాట కోడ్ దానికి పెడితే రెండింటి లెక్కలూ కలగాపులగమవుతాయి.

రీల్స్ కోసం పాటలో బాగా పట్టే 30 సెకన్లు ఎక్కడ మొదలవుతాయో డిస్ట్రిబ్యూటర్ ఫారంలోనే నింపండి. రిలీజుకు ముందే ఉత్సాహం కొద్దీ మీరే ముక్క కోసి రీల్‌లో పెడితే అది మీ ఒరిజినల్ ఆడియోగా నిలిచిపోతుంది. దాన్ని వందమంది వాడుకున్నా ఆ వాడకం అసలు పాట పేజీకి చేరదు. డిస్ట్రిబ్యూటర్ ద్వారా ఇన్‌స్టాగ్రామ్ లైబ్రరీలోకి చేరిన పాటనే వాడండి, అందరిచేతా వాడించండి.

చార్టు విషయానికొస్తే ఉన్నమాట చెప్పాలి. దేశవ్యాప్త జాబితాల్లో తెలుగు పాటంటే దాదాపు సినిమా పాటే. వాటి వెనక ట్రైలర్లు, టీవీ, హీరో అభిమానులు ఉంటారు. కొత్త బ్యాండ్ మొదటి సింగిల్‌తో ఆ జాబితా మీద కన్నేస్తే నిరాశే. ముందు ఏడాదిలో 1,000 స్ట్రీమ్‌లు దాటడం చూసుకోండి. 2024 నుంచి ఆ గీత దాటని పాటకు స్పాటిఫై రికార్డింగు రాయల్టీ ఇవ్వడం లేదు. ఆ తర్వాత స్పాటిఫై నగరాల వారీ చార్టుల్లో బెంగళూరుది చూడండి. అందులో లోకల్ పల్స్ అనే జాబితా ఒకటుంది. మిగతా లోకంతో పోలిస్తే ఈ ఊళ్లో ఎక్కువగా వింటున్న పాటలు అందులోకి వస్తాయి. మారతహళ్లి, బెళ్లందూరు, కె.ఆర్. పురం తెలుగువాళ్లంతా ఒకే వారంలో వింటే అక్కడ అవకాశం ఉంది.

లక్ష స్ట్రీమ్‌లకు ఇంత రేటు అని మెసేజ్ పెట్టేవాళ్లు రిలీజ్ రోజే తగులుతారు. తీసుకోకండి. అవి యంత్రాలు చేసే ప్లేలు. దొరికితే స్ట్రీమ్‌లు తీసేస్తారు, డిస్ట్రిబ్యూటర్‌కు జరిమానా వేస్తారు, వాళ్లు దాన్ని మీ ఖాతాలో కోస్తారు, ఒక్కోసారి పాటనే దించేస్తారు.

ప్రశ్న: డిస్ట్రిబ్యూటర్‌ను మార్చాం. పాట మళ్లీ పెడితే ప్లే కౌంట్ సున్నా నుంచి మొదలైంది. పాతది తిరిగొస్తుందా?
— హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్

జవాబు: కొత్తచోట కొత్త ఐఎస్‌ఆర్‌సీ ఇచ్చి ఉంటారు. ఈ పన్నెండు అక్షరాల కోడ్ రికార్డింగుకు గుర్తు. మొదటి రెండూ దేశం, తర్వాతి మూడు నమోదుదారు, ఆ పైన రెండంకెలు ఏడాది, చివరి అయిదు వరుస సంఖ్య. కంపెనీ మారినా, సింగిల్‌లోని పాట తర్వాత ఆల్బమ్‌లోకి వెళ్లినా కోడ్ మారకూడదు. యూపీసీ దీనికి వేరు, అది మొత్తం రిలీజుకు చెందిన నంబరు. ఇప్పుడు కొత్త అప్‌లోడ్ తీసేయించి, పాత కోడ్‌తో, అదే ఆడియో ఫైలుతో, అవే పేర్లతో, అవే అక్షరాలతో మళ్లీ పంపమనండి. పాతది ఇంకా దించకపోతే దించవద్దని వెంటనే చెప్పండి. కొత్తది కనబడి, లెక్కలు కలిశాయని చూసుకున్నాకే పాతది తీయాలి. ఆడియోలో అరసెకను తేడా ఉన్నా కలవకపోవచ్చు, అందుకే మాస్టర్ ఫైలు ఎప్పటికీ దాచుకోవాలి.

ప్రశ్న: ఒక ఇంగ్లిష్ బ్యాండ్ హిట్టు పాట బాణీకి తెలుగు మాటలు రాసుకున్నాం. కవర్ అని రాసి పెడితే ఇబ్బంది ఉండదు కదా?
— కోరమంగళ

జవాబు: ఉంటుంది. కవర్ అంటే ఉన్న పాటను ఉన్నట్టే మళ్లీ పాడి రికార్డు చెయ్యడం. మాటలు మారితే అది కవర్ కాదు, అనుసరణ. దానికి పాట హక్కుదారు, అంటే సాధారణంగా వాళ్ల పబ్లిషర్, రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి.

మన కాపీరైట్ చట్టంలో 31సి సెక్షన్ కింద కవర్‌కు ఒక దారి ఉంది గానీ అది ఇరుకైనది. మొదటి రికార్డింగు చేసిన ఏడాది ముగిశాక అయిదు క్యాలెండర్ సంవత్సరాలు గడవాలి. ముందుగా నోటీసు ఇవ్వాలి. ఏటా కనీసం 50,000 కాపీలకు రాయల్టీ ముందే కట్టాలి. రికార్డు చెయ్యడానికి తప్పనిసరి అయితే తప్ప పాటను మార్చకూడదు. పాత గాయకుల పేరుగానీ బొమ్మగానీ రికార్డు అట్ట మీద ఉండకూడదు, ఇది కవర్ వెర్షన్ అని స్పష్టంగా రాయాలి. చాలామంది వీడియో శీర్షికలో పాత గాయకుల పేరు పెట్టేది వెతికేవాళ్లకు దొరుకుతుందనే. కానీ ఈ సెక్షన్ వద్దన్నది సరిగ్గా దాన్నే. యూట్యూబ్‌లో పెడితే, హక్కులున్న పాటలను గుర్తుపట్టే దాని కంటెంట్ ఐడీ వ్యవస్థ బాణీని పట్టేస్తుంది. అప్పుడు ఆదాయం తీసుకోవాలా, వీడియో ఆపాలా అన్నది అవతలివాళ్ల ఇష్టం. వాళ్లు ఊరుకున్నారంటే అనుమతి ఇచ్చారని కాదు.

ప్రశ్న: బ్రిటన్ క్రిస్మస్ నంబర్ వన్ రెండుసార్లు అయిన ఒకే ఒక రికార్డింగు క్వీన్ వారి 'బొహీమియన్ రాప్సొడీ' అని మా క్విజ్ పుస్తకంలో ఉంది. సరేనా?
— విజయనగర్

జవాబు: మీ పుస్తకం 2024కు ముందుదై ఉంటుంది. ఆ పాట 1975లోనూ, ఫ్రెడీ మెర్క్యురీ చనిపోయిన 1991లోనూ క్రిస్మస్‌కు ఒకటో స్థానంలో ఉన్న మాట నిజం. మొదటిసారి మొత్తం తొమ్మిది వారాలు, రెండోసారి అయిదు. కానీ వామ్ వారి 'లాస్ట్ క్రిస్మస్' 2023లో, 2024లో వరుసగా రెండేళ్లూ ఆ స్థానం కొట్టింది. 1984లో వచ్చినప్పుడు బ్యాండ్ ఎయిడ్ పాట వెనక రెండో స్థానంతో ఆగి, తొలిసారి నంబర్ వన్ కావడానికి 2021 జనవరి దాకా ఆగిన పాట అది. స్ట్రీమ్‌లు లెక్కలోకొచ్చాకే ఇలాంటివి సాధ్యమయ్యాయి. పాత రోజుల్లో ఒకసారి కొన్న రికార్డును ఏటా మళ్లీ విన్నా చార్టుకు తెలిసేది కాదు.

పనిలో పనిగా ఇంకో క్విజ్ ముక్క: 1976 జనవరిలో 'బొహీమియన్ రాప్సొడీ'ని దించింది అబ్బా వారి 'మమ్మా మియా'. ఆ రెండు మాటలూ దిగిపోయిన పాటలోనే ఉన్నాయి.

ప్రశ్న: మన దేశంలో అప్పట్లో ఇలాంటి చార్టు లేనేలేదా?
— బసవనగుడి, రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: ఉంది. బినాకా గీత్‌మాలా. రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ గొంతుతో 1952 డిసెంబరులో మొదలైంది. బ్రిటన్ తొలి చార్టు అచ్చయింది కూడా అదే ఏడాది, నవంబరు 14న. కాకపోతే అది హిందీ సినిమా పాటలకు. రికార్డు దుకాణాల అమ్మకాలూ, శ్రోతల సంఘాల ఓట్లూ కలిపి వరుస కట్టేవారు. బ్రిటన్‌లో తొలి చార్టు చేసినవాళ్లు కూడా ఇరవై దుకాణాలకు ఫోన్ చేసి అడిగి రాసుకున్నారు, అంతకంటే గొప్ప పద్ధతేమీ కాదది.

ప్రశ్న: చర్చ్ స్ట్రీట్‌లో పాత రికార్డుల మధ్య 'బొహీమియన్ రాప్సొడీ' ఏడంగుళాల రికార్డు ఒకటి చూశాను. లేబుల్ మీద 1975 అని ఉంది. అసలుదే అనుకోవచ్చా?
— శాంతినగర్

జవాబు: 1975 అన్న అంకె ఒక్కదాన్ని చూసి కొనకండి. వృత్తంలో 'పి' అక్షరం పక్కన ఉండే సంవత్సరం ఆ రికార్డింగు మొదట ప్రచురించిన ఏడాది. ఆ డిస్కు నొక్కిన ఏడాది కాదు. తర్వాత ఎన్నేళ్లకు నొక్కినా ఆ అంకె అలాగే ఉండొచ్చు.

ముందు రికార్డు తిప్పి రెండోవైపు చూడండి. 1975 బ్రిటిష్ సింగిల్ అయితే అక్కడ 'ఐ యామ్ ఇన్ లవ్ విత్ మై కార్' ఉంటుంది, కేటలాగ్ నంబరు ఇఎంఐ 2375. రెండోవైపు 'దీజ్ ఆర్ ది డేస్ ఆఫ్ అవర్ లైవ్స్' ఉంటే అది 1991 రిలీజు. తర్వాత లేబుల్ అంచున ఏ దేశంలో తయారైందో చదవండి. మన దేశంలో నొక్కినవి గ్రామఫోన్ కంపెనీ వారి కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీవి, వాటి మీద ఆ సంగతి రాసి ఉంటుంది. చివరగా, పాట గీతలు అయిపోయాక లేబుల్‌కు ముందు ఖాళీగా ఉండే నున్నటి పట్టీని వెలుగుకు ఏటవాలుగా పట్టుకుని చూస్తే గీకిన లేదా అచ్చొత్తిన అక్షరాలు కనబడతాయి. అది మాట్రిక్స్ నంబరు. లేబుల్, కవర్ మారిపోవచ్చు గానీ అది మారదు. దుకాణదారుడు అట్ట కవర్ లోంచి తీసి చూడనివ్వకపోతే, అసలుదని చెప్పే ధర ఇవ్వకండి.